‘బోర్డు పోయింది’ అంటే సరిపోదు

లాప్‌టాప్ ఛార్జింగ్ ఎక్కడం లేదని ఎవరితో అన్నా ఈమధ్య ఒకటే జవాబు వస్తోంది: ‘‘మదర్‌బోర్డు పోయి ఉంటుంది. దానికి పెట్టే డబ్బుకు ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా!’’ కంపెనీ సర్వీస్ సెంటర్లో కౌంటర్ వెనక కూర్చున్నవాళ్లదీ ఈ మాటే. కొత్తవి అమ్మే షాపువాళ్లకు ఇంతకంటే తియ్యని మాట ఉండదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే బావగారైతే మిషన్‌ను కంటితో చూడకుండా ఫోన్లోనే తీర్పు ఇచ్చేస్తారు. ఇంజినీరింగ్ చదివే పిల్లాడి నాలుగేళ్లనాటి లాప్‌టాప్ అటకెక్కుతుంది. వాళ్ల నాన్న నెత్తిన ఇంకో ఈఎంఐ పడుతుంది.

ఈ తీర్పు చాలాసార్లు తప్పు. అది తేల్చుకోవడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. ఏ భాగం పోయింది? ఏ కొలత చూసి ఆ మాట అన్నారు? ఆ ఒక్క భాగం బాగుచేస్తే ఎంతవుతుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పలేనివాళ్లకు ‘బోర్డు పోయింది’ అనే హక్కు లేదు. పరీక్ష చేయకుండా చెప్పిన మాటను నమ్మి వేలకు వేలు ఖర్చుపెట్టాల్సిన ఖర్మ మనకూ లేదు.

గోడ నుంచి బ్యాటరీ దాకా

ఛార్జింగ్ ఎక్కకపోవడం ఒక లక్షణం మాత్రమే. దాని వెనక కారణాలు పదుల్లో ఉంటాయి. గోడకున్న ప్లగ్గులోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును అడాప్టర్ సుమారు 19 వోల్టుల డీసీగా మారుస్తుంది. అది వైరు గుండా పిన్నుకు, పిన్ను నుంచి లాప్‌టాప్ పక్కనున్న డీసీ జాక్‌కు, అక్కడి నుంచి బోర్డు మీదికి వస్తుంది. బోర్డు మీద గేట్లలా పనిచేసే రెండు మాస్‌ఫెట్‌లు ఉంటాయి. వాటి వెనక ఛార్జింగ్ ఐసీ ఉంటుంది. వచ్చిన వోల్టేజి సరైనదేనా అని అది చూసుకుని గేట్లు తెరిపిస్తుంది. ఆ 19 వోల్టులను బ్యాటరీకి తగినట్టు పన్నెండు, పదమూడు వోల్టుల దాకా దించి పంపుతుంది. బ్యాటరీ ప్యాక్‌లోనూ ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. సెల్స్ వేడి, వోల్టేజి చూసుకుంటూ ‘ఇప్పుడు ఎక్కించు, ఇక ఆపు’ అని ఛార్జింగ్ సెక్షన్‌కు చెప్పేది అదే.

ఇందులో ఎక్కడ తెగినా బయటికి కనిపించేది ఒక్కటే: ఛార్జింగ్ ఎక్కదు. తెగిన చోటును బట్టి ఖర్చు మాత్రం పూర్తిగా మారిపోతుంది. వైరు మెలిపడి లోపల తెగితే అడాప్టర్ మారిస్తే చాలు. జాక్ వదులైతే జాక్ మార్చాలి. చాలా మోడళ్లలో ఆ జాక్ బోర్డుకు అతికి ఉండదు. చిన్న వైరు చివర కనెక్టర్‌తో వస్తుంది. స్క్రూలు విప్పి, పాతది లాగి, కొత్తది గుచ్చితే పని అయిపోతుంది, ఖర్చు వందల్లోనే ఉంటుంది. బ్యాటరీ ముసలిదైపోతే బ్యాటరీ వేయాలి. వీటిలో ఏదీ మదర్‌బోర్డు కాదు. అయినా వీటన్నిటికీ వినిపించే తీర్పు ఒకటే. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పుపెట్టినట్టుంది ఈ వైద్యం.

అసలు ఏదీ పాడవకుండానే ఛార్జింగ్ ఆగే సందర్భాలూ ఉన్నాయి. బ్యాటరీ ఎక్కువకాలం మన్నాలని లెనోవో, ఆసుస్ లాంటి కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగ్ ఇచ్చాయి. అది ఆన్‌లో ఉంటే మోడల్‌ను బట్టి 60 శాతం దగ్గరో 80 శాతం దగ్గరో ఛార్జింగ్ కావాలనే ఆగిపోతుంది. ‘ప్లగ్ చేసి ఉంది, ఛార్జ్ కావడం లేదు’ అని స్క్రీన్ మీద చూసి కంగారుపడి షాపుకు పరిగెత్తేవాళ్లలో కొందరి సమస్య అక్కడితో తీరిపోతుంది. 65 వాట్ల అడాప్టర్ కావాల్సిన మిషన్‌కు ఇంట్లో ఉన్న 45 వాట్లది పెడితే, పనిచేస్తున్నంతసేపూ వచ్చిన కరెంటంతా వాడకానికే పోతుంది. బ్యాటరీ అక్కడే నిలబడుతుంది, లేదా మెల్లగా దిగుతుంది. టైప్-సీ లాప్‌టాప్‌కు ఫోన్ వైరు తగిలించినా ఇదే కథ. 60 వాట్లు దాటాలంటే 5 ఆంపియర్లు మోయగల, లోపల గుర్తింపు చిప్ ఉన్న వైరు కావాలి. మామూలు వైరు 20 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లతో ఆగిపోతుంది.

మధ్యలో సన్నని పిన్ను

డెల్ లాప్‌టాప్‌ల గుండ్రటి ఛార్జర్ పిన్నును దగ్గరగా పెట్టుకుని చూడండి. బయట వెండిరంగు గొట్టం, దాని నట్టనడుమ సూదిలాంటి సన్నని పిన్ను కనిపిస్తాయి. గొట్టం లోపలి వైపు 19.5 వోల్టులు, బయటి వైపు గ్రౌండ్. నడిమి సూది కరెంటు మోయదు. అడాప్టర్ లోపలున్న చిన్న మెమరీ చిప్‌లో ‘నేను ఫలానా వాట్ల అడాప్టర్‌ని’ అని రాసి ఉంటుంది. ఆ సమాచారాన్ని బోర్డుకు చేరవేయడమే ఆ సూది పని. అది వంగినా, విరిగినా, దాని వైరు లోపల తెగినా లాప్‌టాప్‌కు అడాప్టర్ ఎవరో అర్థం కాదు. ఆన్ చేయగానే అడాప్టర్ రకం తెలియడం లేదని హెచ్చరిక వస్తుంది. మిషన్ నడుస్తుంది, బ్యాటరీ మాత్రం ఎక్కదు. జాగ్రత్త కోసం ప్రాసెసర్ వేగం కూడా తగ్గిపోతుంది.

అంటే యజమానికి కనిపించేది ఛార్జింగ్ లేని, నత్తనడక నడిచే మిషన్. ఈ రెండు లక్షణాలూ కలిపి చెబితే ఎవరైనా ‘బోర్డు పోయింది’ అనే అంటారు. నిజానికి పోయింది అడాప్టర్ కొసనున్న సూది. లేదంటే జాక్ లోపల దాన్ని పట్టుకునే చోటు. మంచి అడాప్టర్ ఒకటి తెచ్చి తగిలించి చూస్తే నిమిషంలో తేలిపోయే విషయమిది. ఆ నిమిషం కూడా వెచ్చించకుండా కొటేషన్ రాసిచ్చేవాళ్లను నిపుణులని ఎలా అంటాం?

టైప్-సీలోనూ ఇలాంటి మాటామంతీ ఉంది. తగిలించగానే ఛార్జర్ ముందు 5 వోల్టులే ఇస్తుంది. తర్వాత లాప్‌టాప్‌లోని పవర్ డెలివరీ చిప్, ఛార్జర్ రెండూ సీసీ అనే సన్నని లైన్ల మీద బేరమాడుకుంటాయి. ఒప్పందం కుదిరితే వోల్టేజి 20కి ఎక్కుతుంది. పోర్టులో దుమ్ము కూరుకున్నా, ఒక పిన్ను నలిగినా బేరం తెగదు, 5 దగ్గరే ఆగిపోతుంది. మధ్యలో పెట్టే చిన్న యూఎస్‌బీ మీటర్ కొన్ని వందలకే దొరుకుతుంది. అది 5 చూపిస్తోందా 20 చూపిస్తోందా అన్న ఒక్క కొలతతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది.

నిజంగా బోర్డుదే తప్పయితే?

అప్పుడు కూడా ‘బోర్డు మార్చాలి’ అనేది ఆఖరి మాట కావాలి, మొదటి మాట కాకూడదు. మామూలుగా కనిపించే బోర్డు జబ్బు ఇలా ఉంటుంది. ఛార్జర్ గుచ్చగానే అడాప్టర్ మీది లైటు టక్కున ఆరిపోతుంది, తీస్తే మళ్లీ వెలుగుతుంది. 19 వోల్టుల లైన్ ఎక్కడో గ్రౌండ్‌కు షార్ట్ అయింది, అడాప్టర్ తనను తాను కాపాడుకుంటోంది అని దానర్థం. ఆ లైన్ మీద బియ్యపు గింజ కంటే చిన్న సెరామిక్ కెపాసిటర్లు వరసగా ఉంటాయి. వాటిలో ఒక్కటి లోపల పగిలి షార్ట్ అయినా మొత్తం లైన్ పడిపోతుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్లో, అందరూ సీటీసీ అనే చోట, చిప్ లెవెల్ పని తెలిసిన టెక్నీషియన్ దీన్ని ఎలా పడతాడో చూడాలి. ముందు మల్టీమీటర్‌తో లైన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య రెసిస్టెన్స్ కొలుస్తాడు. సున్నాకు దగ్గరగా వస్తే షార్ట్ ఖాయం. టేబుల్ మీది పవర్ సప్లైని ఒక్క వోల్టు దగ్గర పెట్టి, ఆ లైన్‌లోకి మెల్లగా కరెంటు ఎక్కిస్తాడు. బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లుతాడు. మిగతా చోట్ల తడి అలాగే ఉంటుంది. ఒక్క కెపాసిటర్ మీద మాత్రం చిటికెలో ఆరిపోతుంది. షార్ట్ అయిన భాగం వేడెక్కి తనను తానే పట్టిస్తుందన్నమాట. హాట్ ఎయిర్ గన్‌తో దాన్ని లేపేసి మళ్లీ కొలుస్తాడు. షార్ట్ పోయి ఉంటే అదే విలువున్న కొత్తది పెడతాడు. ఆ భాగం ధర కొన్ని రూపాయలు. తీసుకునే డబ్బంతా అతని పనితనానికి. ఆ పనితనానికి అంత విలువ ఉంది.

మరో జబ్బు ఛార్జింగ్ ఐసీ దగ్గర ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత కరెంటు పోతోందో కొలవడానికి అక్కడ సుమారు 0.01 ఓమ్ రెసిస్టర్ ఒకటి ఉంటుంది. అది తెగితే ఐసీకి లెక్క అందదు, ఛార్జింగ్ నడవదు. ఒక్కోసారి ఐసీయే పోతుంది. ఇవన్నీ మార్చగలిగినవే. బోర్డు అంటే వందలాది భాగాలు అతికిన పలక. అందులో ఒకటి చెడితే పలకంతా చెత్తబుట్టలో వేయాలన్న శాస్త్రం ఎక్కడా లేదు.

వాళ్ల లెక్క వేరు, మన లెక్క వేరు

మరి సర్వీస్ సెంటర్లు బోర్డు మార్చమనే ఎందుకంటాయి? అక్కడివాళ్లందరూ మోసగాళ్లని నేననను. వాళ్ల పని పద్ధతే అలా ఏర్పడింది. షార్ట్ వెతకడానికి పట్టే సమయంలో బోర్డులు నాలుగు మార్చి పంపొచ్చు. మార్చిన బోర్డుకు గ్యారంటీ ఇవ్వడం తేలిక. కెపాసిటర్ మార్చిన బోర్డుకు కంపెనీ గ్యారంటీ ఇవ్వదు. కాబట్టి వాళ్లకు బోర్డు మార్చడమే గిట్టుబాటు. ఆ లెక్క వాళ్ల సౌకర్యం కోసం వేసుకున్నది. దాన్ని మన ముందు సాంకేతిక సత్యంలా పెట్టడమే తప్పు. ‘మేం బాగుచేయం’ అనడానికీ ‘ఇది బాగుపడదు’ అనడానికీ చాలా దూరం ఉంది.

వారంటీ ఉన్నంతకాలం సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి, అందులో వాదన లేదు. వారంటీ అయిపోయాక కూడా వాళ్ల మాటే వేదమనుకోవడం దగ్గరే నా పేచీ.

‘బయట షాపులను నమ్మలేం, మంచి పార్టు తీసేసి పాతది పెడతారు’ అని ఇంకొందరంటారు. ఆ భయంలో కొంత నిజముంది. మల్టీమీటర్ పట్టడం రానివాళ్లు హాట్ ఎయిర్ గన్ పట్టి బోర్డులు కాల్చేసిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. కానీ మంచి షాపుకూ చెడ్డ షాపుకూ తేడా తెలుసుకోవడం అసాధ్యమేమీ కాదు. పని తెలిసినవాడు ముందు అడాప్టర్ అడుగుతాడు, ఎప్పుడు మొదలైంది, నీళ్లేమైనా పడ్డాయా అని అడుగుతాడు. చూసి చెప్పడానికి ఎంత, బాగుచేయడానికి ఎంత అని విడివిడిగా చెబుతాడు. తీసిన పార్టు చేతిలో పెడతాడు. బ్యాటరీ వేసేటప్పుడు దాని మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 16046 నంబరు ఉన్నాయో లేదో మనమూ చూసుకోవాలి. మిషన్‌ను షాపులో ఇచ్చేముందు సీరియల్ నంబర్లను ఫోన్లో ఫొటో తీసుకుంటే భయం సగం తగ్గుతుంది. చేతకాని మెకానిక్కులు ఉన్నారని రిపేరే వద్దనడం న్యాయం కాదు. పైగా ఆ చేతకానితనంలో కంపెనీల వాటా కూడా ఉంది. బోర్డు సర్క్యూట్ పటాలు, అంటే స్కీమాటిక్‌లు ఇవ్వరు, అసలైన పార్టులు బయట అమ్మరు. తర్వాత ‘బయటివాళ్లకు పని రాదు’ అంటారు. సమాచారం దాచిపెట్టినవాళ్లే అజ్ఞానాన్ని ఎత్తిచూపడం ఏం నీతి?

‘ఎలాగూ పాతదైపోయింది’ అనే మాట

మూడో వాదన కాస్త నాజూకైనది. బాగుచేసినా పాత మిషనే కదా, కొత్తది వేగంగా ఉంటుంది కదా అంటారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసిందని కూడా గుర్తుచేస్తారు. నిజమే. అయితే ఛార్జింగ్ ఎక్కకపోవడానికీ వేగానికీ సంబంధమేమిటి? నిన్నటిదాకా అదే మిషన్ మీద పాఠాలు విన్నారు, ప్రాజెక్టులు చేశారు, ఇంటర్వ్యూలకు కూర్చున్నారు. జాక్ వదులైన రోజే అది పాతదైపోదు. వేగం చాలకపోతే హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయొచ్చు. విండోస్ 11 ఎక్కని మిషన్ మీద లినక్స్ చక్కగా నడుస్తుంది. అవసరం పెరిగి కొత్తది కొనుక్కోవడం ఒకటి. ఛార్జింగ్ జబ్బును సాకు చేసుకుని కొనిపించడం వేరొకటి. మొదటిది మన నిర్ణయం, రెండోది మన చేత చేయించిన నిర్ణయం.

పోనీ పాతది పారేస్తే పీడా పోతుందా? ఐక్యరాజ్యసమితి సంస్థలు తెచ్చిన 2024 ప్రపంచ ఈ-వ్యర్థాల నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కల్లో ఉన్నది 22.3 శాతమే. మిగిలినదాంట్లో కొంత ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్ల చేతులతో విప్పి, యాసిడ్‌లో ముంచి, వైర్లు కాల్చి రాగి తీసేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి చేరుతోంది. లాప్‌టాప్ మొత్తం జీవితంలో వెలువడే కర్బనంలో పెద్ద భాగం దాన్ని తయారుచేసేటప్పుడే వెలువడుతుంది. కాబట్టి కరెంటు తక్కువ తాగే కొత్త మోడల్ కొని భూమికి మేలు చేశామనుకోవడం ఉత్త భ్రమ. ఉన్నది ఇంకో మూడేళ్లు నడిపిస్తేనే నిజమైన పొదుపు.

ఎక్కడ ఆగాలి

అవతలివాళ్లు చెప్పేదాంట్లో నిజమున్న చోట్లూ ఉన్నాయి. బ్యాటరీ ఉబ్బి కీబోర్డు పైకి లేచిందా, టచ్‌ప్యాడ్ నొక్కుకోవడం లేదా? వెంటనే ఛార్జర్ తీసేసి మిషన్ ఆపాలి. ఉబ్బిన లిథియం ప్యాక్‌ను గుచ్చడం, నొక్కి సర్దడం నిప్పుతో ఆట. అక్కడ బ్యాటరీ మార్చడం ఒక్కటే దారి. నీళ్లో కాఫీయో పడి నెలల తరబడి తుప్పు పాకిన బోర్డు ఈరోజు లేచినా రేపు మళ్లీ పడుకుంటుంది. ప్రాసెసర్ లైన్లలోకి 19 వోల్టులు దూసుకెళ్లిన బోర్డు మీద డబ్బు పెట్టడం దండగ. ఒకే చోట రెండుమూడుసార్లు బాగుచేసినా తిరగబెడుతుంటే వదిలేయడమే మంచిది. ఇవి కొలిచి, చూసి, చెప్పగలిగిన కారణాలు. ఇలాంటి కారణం చూపించి ‘వద్దు’ అన్న టెక్నీషియన్‌కు చేతులెత్తి దండం పెట్టాలి. నా ఖండన కారణం చెప్పకుండా ‘వద్దు’ అనేవాళ్ల మీద.

ఇది చట్టం సంగతి కూడా

ఈ పోరాటాన్ని ఒక్కో వినియోగదారుడు కౌంటర్ దగ్గర ఒంటరిగా చేయాల్సిన పని లేదు. మన దేశంలోనే దీనికి దారి చూపిన కేసుంది. అసలైన విడిభాగాలు, రిపేరు పరికరాలు బయటి గ్యారేజీలకు దొరకనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. తర్వాత అది అప్పీళ్లకు వెళ్లింది. అయినా ‘కొన్నవాడు తన బండిని ఎక్కడైనా బాగుచేయించుకోగలగాలి’ అన్న సూత్రం రికార్డులో నిలిచింది. కారుకు వర్తించే న్యాయం లాప్‌టాప్‌కు ఎందుకు వర్తించదు?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబర్ 24న ఒక పోర్టల్ ప్రారంభించింది. మంచిదే. కానీ పోర్టల్ చట్టం కాదు. కంపెనీలు తమకు నచ్చిన సమాచారం అందులో పెడితే పెడతాయి, లేకపోతే లేదు. యూరప్ ఇంకాస్త ముందుకు నడిచింది. ఫ్రాన్స్‌లో 2021 జనవరి నుంచి లాప్‌టాప్ అమ్మేటప్పుడు అది ఎంత తేలిగ్గా బాగవుతుందో పదికి మార్కులు వేసి చూపించాలి. లాప్‌టాప్‌లకు కూడా టైప్-సీ ఛార్జింగే ఉండాలన్న యూరోపియన్ యూనియన్ నిబంధనకు 2026 ఏప్రిల్ 28 గడువు. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే పరికరాల్లో బ్యాటరీని కొన్నవాళ్లే తీసి మార్చుకోగలిగేలా ఉండాలని ఇంకో చట్టం చెబుతోంది. అక్కడ అమ్మే కంపెనీలే ఇక్కడా అమ్ముతున్నాయి. అక్కడ చేయగలిగింది ఇక్కడ చేయలేమని అనడానికి వాళ్లకు సాంకేతిక కారణం ఒక్కటీ లేదు.

మనకు కావాల్సింది పెద్ద జాబితా కాదు. వారంటీ ముగిసిన మోడళ్ల స్కీమాటిక్‌లు బయటపెట్టాలి. జాక్, బ్యాటరీ, ఛార్జింగ్ ఐసీ లాంటి భాగాలను ఎవరికైనా అమ్మాలి. బోర్డు మార్చాలని రాసిచ్చే ప్రతి సర్వీస్ సెంటర్ ఏ భాగం, ఏ కొలత అన్నది కొటేషన్‌లోనే రాయాలన్న నిబంధన రావాలి.

ఆ నిబంధన వచ్చేదాకా ఆ పని మనమే చేయాలి. ఛార్జింగ్ ఎక్కని లాప్‌టాప్ తీసుకుని కౌంటర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఇంకో అడాప్టర్‌తో చూశారా అని అడగండి. ఏ లైన్‌లో ఎన్ని వోల్టులు వస్తున్నాయో కాగితం మీద రాసివ్వమనండి. రాసిస్తే ఆ కాగితం పట్టుకుని ఇంకో చోట ధర కనుక్కోవచ్చు. రాయలేమంటే పరీక్ష జరగలేదని తేలిపోయినట్టే. జరగని పరీక్షకు ఫీజు కట్టకండి, ఆ తీర్పుకు తలవంచి కొత్తది కొనకండి.